మూసేముందు చెప్పే మాట

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. వాన పడేలా లేదు, ఎండ కాసేలా లేదు. డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగే విమానాల మోత ముందు వినబడుతోంది, విమానం తరవాత కనబడుతోంది. చక్రాలు చాపుకొని మబ్బులోంచి ఊడిపడ్డట్టు బయటికొచ్చి, పెన్నీవేల్ కొట్టు కప్పు మీదుగా పోయి చెట్ల వెనక కలిసిపోతోంది.

చరిత కారు దూరంగా ఆపి, ముందుగా కొట్టు బోర్డు ఫొటో తీసింది. ఎక్కడికెళ్ళినా మొదట తీసేది బోర్డే. మూసే కొట్లలో అన్నిటికంటే ముందు ఊడదీసేది అదే. ఈ హెర్న్‌డన్ ఊరి కొట్టు బోర్డు ఇంకా ఉంది. అక్షరాల సందుల్లో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. గడ్డిపోచలు బయటికి వేలాడుతున్నాయి. దగ్గరికెళ్ళి ఆ గూళ్ళనీ తీసింది.

పెన్నీవేల్ అంటే చవక సరుకుల కొట్టు. తువ్వాళ్ళు, దిండ్లు, గిన్నెలు, చెప్పులు, సూట్‌కేసులు, అన్నీ ఒక్క కప్పు కింద. ఒకప్పుడు ఏ ఊళ్ళో చూసినా ఉండేవి. ఇప్పుడు ఒకదాని తరవాత ఒకటి మూతపడుతున్నాయి. చరిత వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, వారాంతంలో ఈ మూతపడే కొట్లు చూసుకుంటూ తిరుగుతుంది. నేల పలకలు, పైకప్పు, ఖాళీ అరలు, బట్టలు తొడిగి చూసుకునే గది తలుపు, అన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఒక పేజీలో పెడుతుంది. మనుషుల్ని తియ్యదు. అందుకే తలుపులు తెరిచీ తెరవకముందే వస్తుంది. పెన్సిల్వేనియా అయింది, మేరీలాండ్ అయింది. ఇది సొంత ఊరి కొట్టు. ఆదివారం సాయంత్రంతో ఆఖరు. అందుకని ఆఫీసుకి సెలవు పెట్టింది.

లోపల పైనుంచి పసుపు కాగితాలు వేలాడుతున్నాయి. ఎవ్రీథింగ్ మస్ట్ గో. ఆల్ సేల్స్ ఫైనల్. అరలు సగం ఊడదీసి గోడకి చేరేశారు. తువ్వాళ్ళ వరస మాత్రం పూర్తిగా ఉంది. ఉన్న కాసిని తువ్వాళ్ళనీ అర అంచుదాకా లాగి, మడత బయటికి కనబడేట్టు సర్దారు. వెనకంతా ఖాళీ. ముందునుంచి చూస్తే నిండుగా ఉంది.

ఆ వరస చివర ప్రమోద నించుంది. పొట్టి మనిషి. చుడీదార్ మీద కొట్టువాళ్ళ నీలం చొక్కా. కెమెరా చూసి పక్కకి జరిగింది.

"తీసుకో అమ్మా. నేను పడను."

"థాంక్స్ ఆంటీ. రెండు నిమిషాలే."

"ఎందుకైనా మంచిది, ఆ కింద గులాబీరంగువి తియ్యకు. నిన్న ఎవరో పిల్లాడు ఐస్‌క్రీం తుడుచుకుపోయాడు."

చరిత నవ్వి, గులాబీరంగువి పడకుండా తీసింది.

హెర్న్‌డన్‌లో తెలుగువాళ్ళకి ప్రమోద పేరు తెలియకపోయినా ప్రమోద తెలుసు. సూట్‌కేస్ ఆంటీ అంటారు. పెట్టెల విభాగంలో స్తంభం పక్కన ఒక కాటా ఉంది. నేలమీద పరిచే బల్లలాంటిది. ఇదివరకు ఆ మూల పార్సెళ్ళు తీసుకునేవాళ్ళట, ఆ పని ఆగిపోయినా కాటా మిగిలిపోయింది. ఇండియాకి పోయేవాళ్ళు దారిలో ఆగి, సర్దిన పెట్టెల్ని కారు డిక్కీలోంచి దించి, ఈడ్చుకొచ్చి దానిమీద పెడతారు. ఇంటి దగ్గర త్రాసు లేక కాదు. ఇంటి త్రాసు ఒకటి చెబుతుంది, విమానం దగ్గర కౌంటర్‌లో ఇంకొకటి చెబుతుంది. ఆంటీ కాటా, ఎయిర్‌పోర్ట్ కాటా ఒకటే మాట చెబుతాయని ఊళ్ళో నమ్మకం.

చరిత స్తంభాన్ని తీస్తుండగానే ఒకాయన రెండు పెట్టెలతో వచ్చాడు. వెనకాల భార్య, చేతిలో మూడో సంచి.

"ఫిఫ్టీ త్రీ," అంది ప్రమోద. "మూడు పౌండ్లు తియ్యాలి దామోదర్ గారూ."

"వాళ్ళ తమ్ముడి బూట్లు తీసేస్తే సరి," అన్నాడాయన.

"వాళ్ళ అక్కయ్య కుక్కర్ తీసేసినా సరే," అంది భార్య.

ప్రమోద ఇద్దరినీ చూడలేదు. పెట్టె జిప్ తీసి, ఎక్కడుందో తెలిసినట్టు ఎడమ మూల చెయ్యి పెట్టి, రెండు షాంపూ సీసాలు బయటికి తీసింది.

"ఇవి అక్కడ సందు చివర కొట్లోనూ ఉంటాయి."

"అక్కడివి అమెరికావి కావంటారాంటీ," అంది భార్య.

"ఇవీ కావు. వెనక చదువు. ఇండోర్‌లో చేశారు."

దామోదర్ గట్టిగా నవ్వాడు. భార్య సీసా తిప్పి చదివి తనూ నవ్వింది. బూట్లూ కుక్కరూ వచ్చేవారం ప్రయాణానికి పక్కపక్కనే పెట్టెలో ఉండిపోయాయి.

వాళ్ళు పోయాక చరిత స్తంభానికి తగిలించిన ఫోను ఫొటో తీసింది. దాని వైరు చుట్టలు పడకుండా నీటుగా వేలాడుతోంది. ఎర్ర మీట నొక్కి మాట్లాడితే కొట్టంతా వినబడుతుంది. రోజూ మూసేముందు ఎవరో ఒకరు అందులో చెబుతారు, కొట్టు మూసేస్తున్నాం, కొన్నవి కౌంటర్‌కి తెచ్చుకోండి అని.

"ఆదివారం మీరేగా ఆంటీ చెప్పేది?" అని అడిగింది చరిత.

ప్రమోద తలెత్తింది. "నీకెట్లా తెలుసు?"

"అన్ని స్టోర్లలోనూ అంతే. చివరిరోజు, అందరికంటే ఎక్కువేళ్ళు చేసినవాళ్ళు చెప్తారు. కంపెనీ పెట్టిన రూల్ కాదు, వాళ్ళలో వాళ్ళకి అలవాటు. నేను అన్నీ రికార్డ్ చేశాను. ఇక్కడ మీకంటే సీనియర్ లేరు కదా."

"లేరు." ప్రమోద ఒక తువ్వాలు తీసి, బాగానే ఉన్న మడత విప్పి, మళ్ళీ మడిచింది. "ఇరవై నాలుగేళ్ళు. ఒక్కసారీ ఆ ఫోన్లో చెప్పలేదమ్మా. నాది పగటి షిఫ్టు. నాలుగయ్యేసరికి మీ అంకుల్ వచ్చి హారన్ కొడతారు. మూసేటప్పుడు నేనెప్పుడూ లేను."

"మరి ప్రాక్టీస్?"

"అదంతా అయింది." ఆమె అటూఇటూ చూసి గొంతు తగ్గించి, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ప్రియమైన పెన్నీవేల్ కస్టమర్లకు విజ్ఞప్తి అన్న దగ్గర్నుంచి, మాతో గడిపినందుకు ధన్యవాదాలు అన్నదాకా. ఎక్కడా ఆగలేదు. అయిపోయాక తువ్వాలుతో మొహం తుడుచుకుని, అది కొట్టు తువ్వాలని గుర్తొచ్చి, తన సంచిలో వేసుకుంది.

"కొనుక్కుంటాలే," అంది.

*

శనివారం చరిత వచ్చేసరికి ప్రమోద కాటా దగ్గర లేదు. తువ్వాళ్ళ దగ్గరే ఉంది. నిన్నటి మాటలు వల్లెవేసుకోవడం లేదు.

"ఏమైందాంటీ?"

"ఏం కాలేదు. ఆ అబ్బాయే చదువుతాడట."

ఆ అబ్బాయి అంటే బ్రెంట్. కొట్లు మూయించే కంపెనీ మనిషి. పాత మేనేజరు ఉద్యోగం దొరికి ముందే వెళ్ళిపోతే, ఈ ఆఖరి వారాలు ఇతనే చూస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఎప్పుడూ ఏదో ఒకటి నముల్తూ, అందర్నీ పేరుపెట్టి పలకరిస్తూ తిరుగుతాడు.

"ఎందుకట?"

"అందులో లీగల్ మాటలున్నాయట. గిఫ్ట్ కార్డులు చెల్లవు, రిటర్న్‌లు లేవు అని. స్పష్టంగా ఉండాలట, అందరికీ అర్థం కావాలట." ఆమె తువ్వాళ్ళ వరసని చేత్తో నిమిరి సమం చేసింది. "పాపం, మెత్తగానే చెప్పాడు. డోనట్ కూడా ఇచ్చాడు."

చరిత నేరుగా కౌంటర్ల దగ్గరికి వెళ్ళింది. బ్రెంట్ నిచ్చెన మీద నించుని పసుపు కాగితాలు మారుస్తున్నాడు.

చరిత తన ఫోన్లో రికార్డింగ్ పెట్టి పైకి పట్టుకుంది. మేరీలాండ్ కొట్లో ఒక ముసలావిడ గొంతు. సగంలో ఏడుపొచ్చి ఆగింది, ఎవరో చప్పట్లు కొట్టారు, మళ్ళీ చదివింది. తరవాత పెన్సిల్వేనియాలో పోర్చుగీసు యాసవాడు. గిఫ్ట్ కార్డుల ముక్క మొత్తం వదిలేశాడు.

బ్రెంట్ నిచ్చెన మీదే నించుని శ్రద్ధగా విన్నాడు.

"చాలా బావున్నాయి," అన్నాడు. "నిజంగా. కానీ వాటి మీద తరవాత నాకు ఫోన్లొచ్చాయి. ఇప్పుడు ఆఫీసువాళ్ళు కాగితం పంపుతున్నారు, అక్షరం తప్పకూడదంటున్నారు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. కానీ అందరికీ అర్థం కావాలి కదా."

"ఇరవై నాలుగేళ్ళు అర్థమైంది కదా," అంది చరిత.

అతను కాగితం చివర టేపు అంటించి, వేలితో నొక్కాడు. "క్షమించు. ఇది నా చేతిలో లేదు."

ఆ టేపు అతని చేతిలోనే ఉంది. చరిత దాన్నే చూస్తూ నిలబడి, బయటికొచ్చింది. ఆఫీసు మీటింగుల్లో తను ఒక మాట చెప్పగానే, అవతలివాళ్ళు మెత్తగా, మర్యాదగా, మళ్ళీ ఒకసారి చెబుతావా అనే గొంతు ఆమెకి బాగా తెలుసు. ఆ గొంతులో ఎప్పుడూ కోపం ఉండదు.

పార్కింగ్ లాట్‌లో మూర్తి కారు అద్దాలు దించుకుని కూర్చున్నాడు. ప్రమోద భర్త. ఫెడరల్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన ఉద్యోగం ఆవిణ్ణి దింపడం, ఎక్కించుకోవడం. రావాల్సిన టైముకంటే చాలా ముందే వచ్చి, నీడ చూసుకుని, సీటు వెనక్కి వాల్చుకుంటాడు.

"ఏమ్మా, చచ్చిపోయే కొట్లకి ఫొటోలు తీసే అమ్మాయివి నువ్వేనా?"

"నేనే అంకుల్."

"డబ్బులొస్తాయా దానిమీద?"

"రాకూడదంకుల్. నాది హెచ్ వన్ బి వీసా. యాడ్స్ ఆన్ చేస్తే ప్రాబ్లం."

"వస్తే తప్పు, రాకపోతే రైటు. మంచి వ్యాపారం పెట్టావు." ఆయన సీటు నిటారుగా చేశాడు. "రేపటి సంగతి చెప్పిందా మా ఆవిడ?"

"బ్రెంట్ చదువుతాడట."

మూర్తి స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు. అక్కడ దుమ్మేం లేదు.

"నెల్లాళ్ళుగా పొద్దున్నే ఈ కార్లో నేనే కస్టమర్ని. ఇంటి దగ్గర బయల్దేరినప్పట్నుంచీ, కొట్టు మూసేస్తున్నాం, బయటికి పొండి అని రోజూ నాకు చెప్పడమే. బయటికి పోతే కారెవరు నడుపుతారే అంటే వినదు." సీటు మళ్ళీ వెనక్కి వాల్చాడు. "ఇవాళ పొద్దున ఏం చెప్పలేదు. రేడియో పెట్టుకుని వచ్చాం."

చరిత తన కార్లో కూర్చుని, హెర్న్‌డన్ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో రాసింది. రేపు పెన్నీవేల్ ఆఖరిరోజు. సూట్‌కేస్ ఆంటీ ఎన్నో ఏళ్ళుగా మన అందరికీ సాయం చేశారు. సాయంత్రం మూసేముందు అందరూ వస్తే ఆవిడకి సెండాఫ్ ఇద్దాం. చివరి అనౌన్స్‌మెంట్ ఆవిడచేతే చెప్పించమని అందరం కలిసి అడుగుదాం. రాసి, రెండుసార్లు చదువుకుని పంపింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి.

రాత్రి అన్నం తింటుంటే ఆఫీసు స్నేహితురాలు నమ్రత ఇంకో గ్రూపులోంచి ఒక మెసేజ్ పంపి, ఇది నిజమేనా అని అడిగింది.

పెన్నీవేల్ కాటా. రేపే లాస్ట్. ఆంటీ ఫ్రీగా తూస్తారు. సూట్‌కేసులు ప్యాక్ చేసి తెచ్చుకోండి. ఐదింటి లోపు. అందరికీ ఫార్వర్డ్ చేయగలరు.

సెండాఫ్ లేదు, అనౌన్స్‌మెంట్ లేదు. నాలుగు గ్రూపులు దాటేసరికి పనికొచ్చే ముక్క ఒక్కటే మిగిలింది.

"మాకు మంగళవారం ఫ్లైట్," అని రాసింది నమ్రత. "నాలుగు పెట్టెలున్నాయి. ఎన్నింటికి వస్తే రష్ ఉండదు?"

*

ఆదివారం మధ్యాహ్నానికి పార్కింగ్ లాట్‌లో డిక్కీలన్నీ తెరుచుకుని ఉన్నాయి.

బడులకి సెలవులిచ్చేసిన వారం. ఇండియా ప్రయాణాల ముమ్మర కాలం. పెట్టెలు చక్రాల మీద గడగడలాడుతూ తలుపులోంచి లోపలికి, ఖాళీ అరల మధ్యనుంచి కాటా దాకా వరస కట్టాయి. నల్లవి, ఎర్రవి, తాడు కట్టినవి, చక్రం విరిగి పిల్లాడిలా ఎత్తుకొచ్చినవి. పెట్టె మీద పెట్టె, పెట్టె మీద పిల్ల.

చరిత రికార్డర్‌ని ఫోను పక్కన అరలో పెట్టి ఆన్ చేసింది. ఆ తరవాత కెమెరా తీసే తీరిక దొరకలేదు. ప్రమోద ఒక కంట అంకె చూస్తూ, ఒక చేత్తో జిప్పులు లాగుతూ పని చేస్తుంటే, కాటా మీద పెట్టెలు ఎక్కించడం, దించడం చరిత మీద పడింది.

"ఫిఫ్టీ వన్. ఆ బాదంపప్పు చేతిసంచిలోకి."

"చేతిసంచి నిండిపోయిందాంటీ."

"చేతిసంచిలో కోటెందుకు? హైదరాబాద్‌లో కోటేసుకుంటావా? వేసుకుని ఎక్కెయ్. ఒంటిమీద బట్ట ఎవరూ తూచరు."

హంసిక అనే ఆరేళ్ళ పిల్ల అమ్మ చెయ్యి విడిపించుకుని కాటా ఎక్కి కూర్చుంది.

"ఆంటీ, నన్ను వెయ్ చెయ్యి."

"ఫార్టీ ఎయిట్," అంది ప్రమోద. "నిన్ను చెక్-ఇన్ చెయ్యొచ్చు. ఇంకో రెండు పౌండ్ల చాక్లెట్ కూడా పడుతుంది."

పిల్ల చాలా గర్వంగా దిగింది.

వరస పక్కన ఒక పెద్దాయన తోపుడుబండి పట్టుకుని నించున్నాడు. గడ్డి మరకల టోపీ. కొండల వైపు ఆయనకి కోళ్ళ ఫారం ఉంది. దాణా బస్తాలు తూచుకోడానికి ఆ కాటాని ముందే కొనుక్కున్నాడు. కొట్టు మూసేటప్పుడు పట్టుకెళ్ళమని చెప్పారట. కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. తరవాత తోపుడుబండి గోడకి ఆనించి, మాట్లాడకుండా వచ్చి చరితకి అవతలి పక్క పెట్టె పట్టుకున్నాడు. నాలుగు పెట్టెలు అయ్యాక అంకె పడకముందే బరువు చెప్పడం మొదలుపెట్టాడు. చాలావరకు కలిసింది. నమ్రత భర్త ఆయన్ని కూడా ఇండియా వస్తారా అని అడిగాడు.

మూర్తి క్యారియర్‌తో లోపలికొచ్చి, భార్య తిననందుకు విసుక్కుని, తనూ వరసని సర్దడంలో పడ్డాడు. రాత్రి ఫ్లైటువాళ్ళు ఇటు, రేపటివాళ్ళు అటు.

బ్రెంట్ దూరంనుంచి చూసి మొదట సంతోషించాడు. మిగిలిన సూట్‌కేసులన్నీ అమ్ముడుపోతున్నాయి. బరువు మించిన ప్రతి ఇంటివాళ్ళూ ఇంకొకటి కొంటున్నారు. రిటర్న్ లేదని రాసి ఉన్నా, మనవాళ్ళు అలవాటు కొద్దీ బిల్లు జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుంటున్నారు.

మూసే వేళ దగ్గరపడింది. బ్రెంట్ స్తంభం దగ్గరికొచ్చి, జేబులోంచి కాగితం తీసి, ఎర్ర మీట నొక్కాడు. స్పష్టంగా చదివాడు. ప్రతి మాటా వినబడింది. గిఫ్ట్ కార్డుల సంగతి, రిటర్న్‌ల సంగతి, కొట్టు శాశ్వతంగా మూసేస్తున్న సంగతి.

ఎవరూ కదల్లేదు.

"ఫస్ట్ వార్నింగేలే," అన్నాడు వరసలో ఒకాయన. "ఇంకా రెండు చెప్తారు."

"కొనేవాళ్ళకి కదా అది. మనం తూచుకునేవాళ్ళం," అన్నాడు ఇంకొకాయన.

"ఫార్టీ నైన్ పాయింట్ ఫైవ్. జిప్పెయ్, జిప్పెయ్."

బ్రెంట్ ఇంకొకసారి చదివాడు. కాస్త గట్టిగా. అందరూ మర్యాదగా విని తలలూపారు. వరస ఒక పెట్టె ముందుకు జరిగింది. తలుపులోంచి ఇంకో కుటుంబం మూడు పెట్టెలతో పరిగెత్తుకొచ్చి, చివర నించుని ఆయాసపడుతూ, అమ్మయ్య, ఇంకా ఉంది అన్నారు.

కోళ్ళ ఫారం ఆయన వాచీ చూసుకున్నాడు. కౌంటర్ల దగ్గర అమ్మాయిలు బ్రెంట్ వైపు చూస్తున్నారు. బ్రెంట్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. రిసీవర్ చరిత వైపు చాపాడు.

"నువ్వు వాళ్ళకి చెప్పగలవా? నీ మాట వింటారు."

చరిత చేతుల్లో ఎవరిదో పెట్టె ఉంది. దించింది. రిసీవర్ చూసింది. రెండు వాక్యాలు చెబితే సరిపోతుంది. ఆమెకి వచ్చు.

"నా మాట వినరు," అంది. "వాళ్ళెవరూ నాకోసం రాలేదు." అని ప్రమోద వైపు చూపించింది.

బ్రెంట్ ప్రమోదని చూశాడు. చేతిలో కాగితాన్ని చూశాడు. కాగితాన్ని జేబులో పెట్టుకుని రిసీవర్ ఆమెకిచ్చాడు.

ప్రమోద చేతులు చొక్కాకి తుడుచుకుంది. రిసీవర్ నోటికి దగ్గరగా పట్టుకుంది, దూరంగా పట్టుకుంది. ఎర్ర మీట నొక్కింది. ఆమె ఊపిరి కొట్టంతా వినబడింది. నెల్లాళ్ళు వల్లెవేసిన ఇంగ్లీషు మాటలకి నోరు తెరిచి, ఎదురుగా ఉన్న మొహాల్ని చూసి ఆగింది.

"నాయనా, కాటా మీదున్న పెట్టె దించండి," అంది తెలుగులో.

దించారు.

"ఇంక ఇంకోటి పెట్టొద్దు. కొట్టు మూసేస్తున్నాం. ఇది మొదటిసారీ కాదు, రెండోసారీ కాదు, ఇంక అంతే. కొనేవి ఉన్నవాళ్ళు కౌంటర్‌కి రండి. బిల్లు దాచుకోవద్దు, తిరిగి తీసుకునేవాళ్ళు లేరు. గిఫ్ట్ కార్డులు చెల్లవు. తూచుకోనివాళ్ళు భయపడకండి. ఒక చేత్తో ఎత్తి కారులో పెట్టగలిగితే యాభై లోపే. ఇద్దరు పట్టాల్సొస్తే షాంపూలు తీసెయ్యండి."

నవ్వు లేచింది. చరిత చూస్తుండగా వరస వదులై, మనుషులు ఆమె మొహం కనబడే వైపుకి జరిగారు. పిల్లల్ని ఊరుకోబెట్టారు.

"ఇరవై నాలుగేళ్ళు వచ్చారు. మీ పెట్టెల్లో ఏముందో మీ అత్తగార్లకంటే ముందు నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు." రిసీవర్ ఇంకో చేతికి మార్చుకుంది. "మళ్ళీ ఇటు రాకండి. వచ్చినా ఎవరూ ఉండరు. తలుపు తియ్యరు. ఊరికే పెట్రోలు దండగ."

రిసీవర్ పెట్టెయ్యబోయి, మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వెళ్ళి రండి," అంది.

 తరవాత దామోదర్ ముందుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. పెట్టెలేమీ తేలేదు ఆయన. ఆయన భార్య ఆమెని గట్టిగా కావలించుకుంది. ఒక్కొక్కరే వచ్చారు. వస్తామాంటీ అన్నారు, వెళ్తామని ఎవరూ అనలేదు. పెట్టెలు కౌంటర్ల వైపు, తలుపు వైపు రెండుగా చీలి, గడగడమంటూ బయటికి పోయాయి. కాస్త వ్యవధిలోనే కొట్టు ఖాళీ అయింది.

"ఏం చెప్పింది?" అని అడిగాడు బ్రెంట్.

"మీ కాగితంలో ఉన్నదే," అంది చరిత.

"ఆవిడది పొడుగ్గా ఉంది."

"మీది సగమే ఉంది."

బ్రెంట్ తల వంచి నవ్వుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి మడతలు సాపుచేశాడు. ప్రమోద దగ్గరికెళ్ళి రెండు చేతులతో పట్టుకుని చాపాడు.

"పద్ధతి ప్రకారం ఇంకొకసారి చదవాలి. తలుపుకి తాళం పడేముందు. అది మీరు చదవాలి, దయచేసి. నిన్న నేను చెప్పింది మర్చిపోండి."

ప్రమోద ఆ కాగితం చూసింది. అందులో ప్రతి మాటా ఆమెకి నోటికొచ్చు. మూర్తి క్యారియర్ కింద పెట్టి నిటారుగా నించున్నాడు, కార్లో కస్టమర్‌లాగా. చరిత చెయ్యి రికార్డర్ మీదికి పోయింది.

"నేను చెప్పాల్సింది చెప్పేశాను బ్రెంట్," అంది ప్రమోద ఇంగ్లీషులో, నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా. "ఇది నీది. చదువు."

నీలం చొక్కా విప్పి, మడత బయటికి కనబడేట్టు మడిచి, తువ్వాళ్ళ వరసలో ఖాళీ అంచున పెట్టింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది. తలుపు దగ్గర, కొనడానికొచ్చేవాళ్ళు కాళ్ళు తుడుచుకునే పట్టా మీదికి వెళ్ళి, ఇటు తిరిగి, మూర్తి పక్కన నించుంది.

బ్రెంట్ చదివాడు. ఈసారి తొందరపడలేదు. కౌంటర్ల అమ్మాయిలు కాక వినడానికి నలుగురే ఉన్నారు, వాళ్ళలో ఒకాయన కాటా కింద తోపుడుబండి దూర్చే పనిలో ఉన్నాడు. మాతో గడిపినందుకు ధన్యవాదాలు అన్న దగ్గర బ్రెంట్ తలెత్తి ప్రమోదని చూశాడు. ఆ మాట మళ్ళీ అన్నాడు. ప్రమోద కొనడానికొచ్చిన మనిషిలా చివరిదాకా విని, తలూపింది.

కోళ్ళ ఫారం ఆయన కాటాతో వెళ్ళిపోయాడు. వెళ్తూ టోపీ ఎత్తాడు. కౌంటర్ల అమ్మాయిలు వెళ్ళారు. బ్రెంట్ తాళం వేసి వచ్చి, ఏం చెయ్యాలో తోచక నించున్నాడు.

"పొద్దుట్నించీ తిండి లేదు దీనికి," అన్నాడు మూర్తి. "రావయ్యా, నువ్వూ కూర్చో."

కుర్చీలన్నీ అమ్ముడుపోయాయి. కాటా తీసిన చోట నేల పలకలు తక్కినవాటికంటే తెల్లగా ఉన్నాయి. అక్కడే నలుగురూ కింద కూర్చున్నారు. ప్రమోద క్యారియర్ విప్పింది. పెరుగన్నం, మాగాయ, కాసిని వేయించిన మజ్జిగ మిరపకాయలు. పళ్ళేలు లేవు. క్యారియర్ మూతలూ గిన్నెలూ పళ్ళేలయ్యాయి. బ్రెంట్‌కి చెంచా వెతికితే దొరకలేదు. అతను వాళ్ళ చేతులు చూసి, తనూ వేళ్ళతో కలుపుకున్నాడు. మాగాయ నాలిక్కి తగిలి కళ్ళు మూసుకుని తెరిచాడు.  అందరూ మిరపకాయలు కరకరమంటూ నమిలారు. అతని మూత ఖాళీ కాగానే ప్రమోద అడక్కుండా ఇంకో ముద్ద పెట్టింది. అతను తల దించుకుని అది కూడా తిన్నాడు.